లైవ్ క్లాసు మాట్లాడటానికే

ఒరేయ్ మిత్రమా,

వచ్చే సెమిస్టర్ యూనివర్సిటీ భాషా కోర్సు మొత్తం ఆన్‌లైన్‌లో, అదీ ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ పద్ధతిలో, అంటే పాఠం ఇంటి దగ్గర ముందే చూసి వచ్చి క్లాసులో సాధన చేసే పద్ధతిలో, నడపమన్నారని రాశావు. టెన్షన్ పడకు. నాకు బాగా ఇష్టమైన సంగతి కదిపావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు చిన్న లెక్క చూడు. క్లాసులో 24 మంది, గంట సమయం. అందులో 40 నిమిషాలు నువ్వే వ్యాకరణం చెబితే, మిగిలిన 20 నిమిషాల్లో ఒక్కొక్కరికి నిమిషం కూడా దక్కదు. నోరు విప్పకుండా భాష ఎలా వస్తుందిరా? అదే ఆ వ్యాకరణం వీడియోలో ముందే చూసి వచ్చారనుకో, ముగ్గురేసి చొప్పున బ్రేకౌట్ రూముల్లో, అంటే ఆన్‌లైన్ క్లాసులోనే విడదీసిన చిన్న గదుల్లో, 40 నిమిషాలు కూర్చోబెడితే తలా 13 నిమిషాలు మాట్లాడొచ్చు. ఈ పద్ధతి మీద నాకు గురి కుదిరింది ఇందుకే.

అమెరికాలోని కొలరాడోలో 2007లో జోనథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే కెమిస్ట్రీ టీచర్లు క్లాసుకి రాలేని పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడంతో ఇది జనంలోకి వెళ్లింది. అంతకుముందే, 1990లలో, హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఫిజిక్స్ లెక్చర్ తగ్గించి విద్యార్థులను ఒకరితో ఒకరు వాదించుకోమన్నాడు. నన్నడిగితే వాళ్లందరికన్నా ఇది మన భాషల వాళ్లకే ఎక్కువ అక్కరకొస్తుంది.

వీడియో ఆరు నిమిషాలు దాటనివ్వకు. వీడియో ఎంత పొడుగున్నా జనం నిలిచి చూసేది సుమారు అంతేనని ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో తేలింది. నెట్ సరిగా అందని వాళ్లకు ఆడియో, నోట్సు కూడా పెట్టు.

వీడియో కన్నా దాని చివర అడిగే ప్రశ్న మీద ఎక్కువ కష్టపడు. భూతకాలం పాఠం అనుకో. ‘నిన్న సాయంత్రం ఏం చేశావో రెండు వాక్యాలు రాయి, అర్థం కానిదేదో చెప్పు’ అని అడుగు. జవాబులు ముందురోజు రాత్రికి నీకు చేరాలి. ఎక్కడ తడబడుతున్నారో వాటిలోనే దొరుకుతుంది. పేర్లు బయటపెట్టకుండా ఆ వాక్యాలతోనే లైవ్ క్లాసు మొదలుపెట్టు.

ఇక రూములు. ఊరికే ‘మాట్లాడుకోండి’ అని వదిలేస్తే ఎవరూ మైకు ఆన్ చేయరు. ఒకరికి రైళ్ల టైమ్‌టేబుల్ ఇవ్వు, ఇంకొకరికి ఏ ఊరు ఏ వేళకి చేరాలో రాసివ్వు. ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి కనపడకూడదు. అడిగితే తప్ప పని జరగదు కాబట్టి అడుగుతారు. మూడో మనిషి విన్న వాక్యాలను షేర్డ్ డాక్యుమెంటులో టైపు చేస్తాడు, మధ్యలో పాత్రలు మారతాయి. ఎనిమిది రూములూ ఒకేసారి వినలేవు కదా, ఆ డాక్యుమెంటు తెరిచి పెట్టుకుంటే ఎక్కడ రాత ఆగిపోయిందో కనిపిస్తుంది, నేరుగా అక్కడికే వెళ్లు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదేరా: సిగ్గుపడే పిల్ల కూడా రైలు తప్పిపోతుందన్న కంగారులో తప్పులు లెక్కచేయకుండా మాట్లాడేస్తుంది.

వీడియో చూడకుండా వచ్చినవాళ్ల కోసం పాఠం మళ్లీ చెప్పకు. చెప్పావంటే మరుసటి వారం చూసొచ్చేవాళ్లు కూడా మానేస్తారు. వాళ్లని వేరే రూములో కూర్చోబెట్టి చూసి రమ్మను, చాలు. ఇంకో మాట, ఇంటి దగ్గర చూసే సమయాన్ని కూడా కోర్సు గంటల్లోనే లెక్కగట్టు. లేకపోతే ‘పని రెట్టింపైంది’ అని పిల్లలు గోల పెడతారు, అది న్యాయమైన గోలే.

మొదటి వారం పాఠం తయారవగానే పంపు. వీడియో తర్వాత చూస్తాను, ముందు ఆ చివరి ప్రశ్న చూడాలి.

నీ
నేస్తం