ఆదివారం రాని కడుపునొప్పి

అమ్ములూ,

నీ ఫోన్ వచ్చి మూడు వారాలైంది. పనుల్లో ఉండుంటావులే అని మీ అమ్మకు చెబుతున్నాను, నాకూ చెప్పుకుంటున్నాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలు కాస్త తగ్గింది, మెట్లు ఎక్కుతోంది. నీ పాత బీరువా తలుపు బాగు చేయించాను. నీ నడుంనొప్పి ఎలా ఉంది? గంటలకొద్దీ కుర్చీలో కూర్చోకు, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యి.

మొన్న పిన్ని మాటల మధ్యలో చెప్పింది, నా మనవడు చిన్నుకి రోజూ పొద్దున్నే కడుపునొప్పి అట కదా. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారట. ఆదివారం మాత్రం రాదట. పిన్ని మామూలుగానే చెప్పి ఇంకో సంగతిలోకి వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను.

వాడు బడి ఎగ్గొట్టడానికి నటిస్తున్నాడని ఎవరన్నా నమ్మకు. పేగులకీ మెదడుకీ నరాల సంబంధం ఉంది. మనసులో టెన్షన్ ఉంటే పిల్లలకు నిజంగానే నొప్పి పుడుతుంది. డాక్టరుగారి దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు ఈ ఆదివారం సంగతి కూడా చెప్పు.

సరే, అది అలా ఉంచు. అల్లుడుగారికి ప్రయాణాలు తగ్గాయా? నేను మీ ఇంటికి వచ్చినప్పుడు ఆయన ఊళ్లో లేరు. అప్పుడే మీ హాల్లో గోడ మీద చిన్ను టైంటేబుల్ చూశాను. అయిదున్నరకు లేవడం, స్విమ్మింగ్, బడి, అబాకస్, కీబోర్డు, హోంవర్కు, పదింటికి పడక. నువ్వు లెక్కలు నమ్ముతావు కాబట్టి లెక్కే చెబుతాను. అది ఏడున్నర గంటల నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు కావాలంటారు నిద్ర వైద్యులు. ఇక ఆట ఎక్కడుంది? 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందంలో 31వ అధికరణం విశ్రాంతినీ ఆటనీ పిల్లల హక్కుగానే రాసింది. స్విమ్మింగ్ ఆట కాదా అంటావు. పక్కన కోచ్ సెకన్లు లెక్కపెడుతుంటే అదీ ఇంకో క్లాసే తల్లీ.

పాఠం చెప్పకూడదనుకునే కలం పట్టాను. చెప్పేశాను. నిజానికి చెప్పాలనుకున్నది వేరు.

నీ మూడో తరగతి వక్తృత్వపు పోటీ నీకు గుర్తుందో లేదో. ఆ ఉపన్యాసం మొత్తం నేనే రాశాను. నెల రోజులు, పడుకునే ముందు రోజూ అప్పజెప్పించుకున్నాను. ఎక్కడ చెయ్యి ఎత్తాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా నేనే నేర్పాను. నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేదానివి. పోటీ రోజు నేను రెండో వరసలో కూర్చున్నాను. నువ్వు మొదలుపెట్టగానే నాకు తెలియకుండానే నీతోపాటు పెదాలు కదుపుతున్నాను. నువ్వు నా మొహంలోకే చూస్తూ చెబుతున్నావు. సగంలో ఎవరో పొడుగాటి మనిషి కుర్చీ వెతుక్కుంటూ వచ్చి సరిగ్గా నా ముందు నిలబడ్డాడు. అంతే, ఆగిపోయావు. మెడ అటూ ఇటూ సాచి నా కోసం వెతికావు. ఆయన పక్కకు జరిగేసరికి నీ కళ్లనిండా నీళ్లు. ఇంటికి వస్తుంటే స్కూటర్ మీద వెనక్కి తిరిగి "నాన్నా, కోపం వచ్చిందా?" అని అడిగావు. పోటీ పోయిందన్న బాధ కన్నా నా మొహం ఎలా ఉందన్న భయమే ఎక్కువ నీకు. లేదమ్మా అన్నాను. మర్నాడే మీ టీచరు దగ్గరికెళ్లి ఇంకో అవకాశం ఇవ్వమని బతిమాలాను. ఈ మాట నీకు ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆ తర్వాత చాలా రోజులు పొద్దున్నే నీకు తలనొప్పి. కళ్ల డాక్టరుకు చూపించాం, చూపు బాగానే ఉందన్నారు. అంతటితో వదిలేశాం. ఆ వేసవిలో నా కాలు విరిగి మంచాన పడ్డాను. నువ్వూ అక్కా సైకిల్‌తో బయటే ఉండేవాళ్లు. మోకాళ్లు దోక్కుపోయి వచ్చి "ఎవరూ పట్టుకోలేదు నాన్నా" అని చూపించావు. ఆ సెలవుల్లో తలనొప్పి మాట నీ నోట వినలేదు. ఈ రెంటినీ కలిపి చూడటం నాకు మొన్న పిన్ని ఫోన్ పెట్టేశాకే తట్టింది.

నిన్ను తప్పు పట్టడం లేదు. నాకు బడి నుంచి మూడు నెలలకోసారి ప్రోగ్రెస్ కార్డు వచ్చేది. నీకు ప్రతి స్లిప్ టెస్టు మార్కూ నిమిషంలో ఫోన్లోకి వస్తోంది, గ్రూపులో మిగతా తల్లులు ఏం చేయిస్తున్నారో కూడా. ఎవరికైనా గుండె దడే. అందుకే అడుగుతున్నాను, ఒక నెల ఆ అబాకస్ మానిపించి చూడు. సాయంత్రం వాడికి ఏ పనీ చెప్పకు. విసుగ్గా ఉందంటే అననీ.

నువ్వు రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకో. కళ్ల కింద నలుపు పోయినసారే చూశాను. కళ్లజోడు నంబరు మార్పించుకున్నావా?

ఈ ఆదివారం ఫోన్ చెయ్యి. చిన్నుకి ఇచ్చి నువ్వు అవతలి గదిలోకి వెళ్లు. ఏం మాట్లాడాలో పక్కనుంచి అందించకు. వాడు ఏమీ మాట్లాడకపోయినా నేను లైన్లోనే ఉంటాను.

నాన్న