బుజ్జి కుక్కకి లివర్ ఉండదా?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీరు వేసిన చిన్న జాతి కుక్కల వ్యాసం చదివి, పోనీలే అని ఊరుకున్నాను. నిన్న దాన్ని మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు చూశాక ఇక ఊరుకోలేకపోయాను. యార్క్‌షైర్ టెర్రియర్‌కి తల మీద పిలక ఎలా కట్టాలో, మాల్టీస్‌కి ఏ షాంపూ వాడాలో అరపేజీ రాశారు. ఆ రెండు జాతుల్లోనూ పుట్టుకతో వచ్చే లివర్ జబ్బు ఎక్కువన్న ముక్కకి మాత్రం చోటు దొరకలేదు.

పేగుల నుంచి లివర్‌కి చేరాల్సిన రక్తం, అడ్డదారిలో ఓ నాళం గుండా నేరుగా ఒంట్లోకి పోతుంది. డాక్టర్లు షంట్ అంటారు. లివర్ వదిలించాల్సిన అమ్మోనియా మెదడుకెక్కుతుంది. పిల్ల ఎదగదు, తిన్నాక మత్తుగా పడి ఉంటుంది, గోడకి తల ఆనించి నిలబడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. మా కుక్కపిల్ల తినగానే గమ్మున పడుకుంటే 'ఎంత సాధువో' అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించి మురిసిపోయాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన రోజు, లివర్ వదిలించాల్సిన మత్తు దిగక సాయంత్రం దాకా లేవలేదు. అప్పుడు తెలిసింది ఆ సాధుత్వం ఏమిటో.

కనిపెట్టడం బ్రహ్మవిద్యేం కాదు. పరగడుపున ఒకసారి, తిండి పెట్టిన 2 గంటలకు ఇంకోసారి రక్తం తీసి బైల్ యాసిడ్స్, అంటే లివర్ రక్తంలోంచి తీసేయాల్సిన పిత్త ఆమ్లాలు, ఎంతున్నాయో చూస్తారు. అంకె పెరిగితే స్కానింగ్. (మాల్టీస్‌లో జబ్బు లేకపోయినా ఆ అంకె ఎక్కువ రావచ్చు, కాబట్టి ఒక్క రిపోర్టు చూసి ఏడవక్కర్లేదు.) ముందే తెలిస్తే ఆ నాళం మెల్లగా మూసుకుపోయేలా ఆపరేషన్ చేస్తారు, చాలా కుక్కలు కోలుకుంటాయి.

'కొనేవారే జాగ్రత్తపడాలి' అని వ్యాసం చివర ఉచిత సలహా ఒకటి! ఏం జాగ్రత్త పడాలండీ? పిల్లని వెలుగుకి ఎత్తిపట్టి చూడడానికి అదేమైనా కోడిగుడ్డా? బ్రీడర్‌ని అడిగితే తల్లికీ తండ్రికీ షోలలో వచ్చిన పతకాలు చూపిస్తాడు. పైకి బాగానే ఉన్న జంటకే షంట్ పిల్లలు పుడతాయని అతనికి తెలియక కాదు. ఒక ఈతలో అలాంటి పిల్ల పుట్టినా, గుట్టుగా అదే జంటని మళ్ళీ క్రాసింగ్‌కి వదులుతాడు.

అడగాల్సిన అధికారులో? ఎన్ని బోనులున్నాయో లెక్కపెట్టి ముద్ర గుద్దుతారు. పిల్లలకి ఏం టెస్టులు చేయించావని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. టీకా కార్డు మీద నాలుగు స్టిక్కర్లుంటే అదే ఆరోగ్య పత్రం. ఫైలుకి ఫిట్స్ రావు కదా, వాళ్ళకేం టెన్షన్!

ఈసారి షాంపూల సంగతి రాసేటప్పుడు, అమ్మేవాణ్ణి అడగాల్సిన ఆ రెండు అంకెలు కూడా వేయండి, పరగడుపుదీ తిన్నాకదీ. ఆ పిలక ఫొటో కాస్త చిన్నది చేస్తే చోటు దొరుకుతుంది.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు