షాకబ్జర్లు నాలుగూ మార్చాలా అని అడిగావు కదా

ఆటోనగర్, విజయవాడ

చిన్నా,

నీ స్విఫ్ట్ కారువి నువ్వు పంపిన ఫొటోలు, వీడియో, సర్వీసు వాళ్ళిచ్చిన ఎస్టిమేటు కాగితం మూడూ చూశాను. ఫోన్లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం ఆ సర్వీసు అడ్వైజరు మరిపిస్తాడు. అందుకే రాస్తున్నా. బండి ఇవ్వడానికి వెళ్ళేటప్పుడు ఇది జేబులో పెట్టుకో.

ముందు తేల్చేస్తా. నాలుగూ ఇప్పుడే అక్కర్లేదు. వెనకవి రెండూ మార్పించు. ముందువి ఉండనీ, కానీ అక్కడ లింకు రాడ్లు రెండూ వేయించాల్సి రావచ్చు. ఎందుకో చెబుతా విను.

78 వేల కిలోమీటర్లు తిరిగింది కాబట్టి నాలుగూ మార్చాలన్నది సర్వీసు వాళ్ళ మాట. పూర్తిగా తప్పని అనను. మన్రో లాంటి షాకబ్జర్ తయారీదార్లు కూడా 80 వేల కిలోమీటర్ల దగ్గర మార్చుకోమంటారు. కానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగిన 80 వేలు వేరు, పైపుల కోసం తవ్వి వదిలేసిన కాలనీ రోడ్లలో తిరిగిన 40 వేలు వేరు. మీటరు అంకె బండిని చూపించుకోమని చెబుతుంది, అంతే. ఏది మార్చాలో చెప్పేది బండే.

బండి బరువు మోసేది స్ప్రింగు. గుంటలో పడి లేచిన స్ప్రింగు అలా ఊగుతూనే ఉంటుంది కదా, ఆ ఊపు ఆపేదే షాకబ్జర్. లోపల నూనె, అందులో పిస్టను, దానికి సన్నటి వాల్వులు. నూనె ఆ సందుల్లోంచి దూరేటప్పుడు ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. మామూలు రోడ్డు మీద కూడా కిలోమీటరుకి దాదాపు వెయ్యి సార్లు ఆ రాడ్డు లోపలికీ బయటికీ ఆడుతుంది. వాల్వులు మెల్లగా అరుగుతాయి, గ్యాసు తగ్గుతుంది, సీలు వదులవుతుంది. ఇదంతా ఒక్కరోజులో జరగదు కనుక రోజూ నడిపే నీకు తెలియదు. రోజూ చూసే పిల్లాడు ఎత్తు ఎదిగింది ఇంట్లోవాళ్ళకి కనపడదే, అలాగన్నమాట. వెనక సీట్లో కూర్చున్న నీ స్నేహితుడికి కడుపులో తిప్పుతోందన్నావు చూడు, ఆ మాటకి నేను మీటరు కంటే ఎక్కువ విలువిస్తా.

ఇక నీ ఫొటో. వెనక ఎడమవైపుది పెద్దది చేసి చూడు. దుమ్ము కవరు పగిలి పక్కకి వేలాడుతోంది. మెరవాల్సిన రాడ్డు మీద నిలువునా గీతలున్నాయి. కవరు పగిలితే ఇసుక రాడ్డుకి అంటుకుంటుంది, రాడ్డు లోపలికి పోయినప్పుడల్లా ఆ ఇసుక సీలుని కోస్తుంది. అక్కణ్ణుంచి నూనె కారి, దుమ్ముతో కలిసి, కింది బోల్టు దాకా నల్లటి ముద్దలా పేరుకుంది. అది పోయింది, వాదన లేదు. కుడివైపు దానికి మాత్రం సీలు దగ్గర సన్నటి చెమ్మ, కింద పొడి దుమ్ము. అంత చెమ్మ మంచి షాకబ్జర్‌కి కూడా ఉంటుంది, దాన్ని చూపించి లీకేజీ అంటే నమ్మకు. అనుమానం వస్తే గుడ్డతో తుడిచి, వారం తిరిగాక మళ్ళీ చూడాలి.

మరి కుడిది బాగుంటే రెండూ ఎందుకంటావా? ఒకవైపు కొత్తది గట్టిగా పట్టుకుని, రెండోవైపు పాతది వదిలేస్తే మలుపులో, బ్రేకు కొట్టినప్పుడు వెనక భాగం ఒక పక్కకి గుంజుతుంది. ఎప్పుడైనా ఒక ఇరుసుకి రెండూ కలిపే మార్చాలి.

వీడియోలో నువ్వు నాలుగు మూలలూ నొక్కి వదిలావు, మంచి పని చేశావు. ముందు రెండువైపులా ఒకసారి పైకి లేచి ఆగిపోయింది. వెనక ఎడమ మూల మూడోసారి కూడా ఊగింది. కానీ ఈ నొక్కుడు పరీక్షలో దొరికేది పూర్తిగా చచ్చినదే. సగం అరిగినది చేతి బలానికి దొరకదు. దానికి వేరే ఉపాయాలున్నాయి. స్పీడు బ్రేకరుని 15–20 వేగంతో దాటి, తర్వాత బండి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టు, ఒకటీ ఒకటిన్నర దాటకూడదు. రాత్రిపూట ముందు గోడ మీదో వాహనం మీదో నీ హెడ్‌లైటు వెలుగు పైకీ కిందికీ ఆడుతోందా చూడు. ఫ్లైఓవరు మీద మలుపులో జాయింటు వచ్చినప్పుడు వెనక భాగం పక్కకి జరిగినట్టుంటే అదీ గుర్తే.

ఇంకోటి. గతుకుల రోడ్డు మీద ఇరవై నిమిషాలు తిప్పి ఆపగానే షాకబ్జర్ ఒంటిని చేత్తో తాకు. పనిచేస్తున్నది వెచ్చగా ఉంటుంది. జతలో ఒకటి చల్లగా ఉంటే అది ఊరికే వేలాడుతోందన్న మాట. సైలెన్సరు పైపుకి చెయ్యి తగలనీకు, జాకీ మీద లేపి కిందకి దూరకు.

టైరు కూడా చెబుతుంది. అరచేతిని టైరు మీద చుట్టూతా రాయి. కెరటాల్లా ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం తగిలితే చక్రం నేల మీద ఎగిరెగిరి పడుతోందన్నట్టు. లోపలి అంచు మాత్రమే అరిగితే అది అలైన్‌మెంట్ గొడవ, మధ్యలో అరిగితే గాలి ఎక్కువైంది. వాటికి షాకబ్జర్ మార్చి లాభం లేదు. బండి ఒకవైపు కుంగిపోయి కనిపించినా తప్పు స్ప్రింగుది, షాకబ్జర్‌ది కాదు.

ముందు నుంచి టకటకలాడుతోందన్నావు. చాలా గ్యారేజీల్లో ఈ ఒక్క చప్పుడుకే ముందువి రెండూ అంటగడతారు. నీ స్విఫ్ట్‌లో ముందువి స్ట్రట్లు, అంటే షాకబ్జరూ స్ప్రింగూ ఒకే ముక్కగా ఉండేవి. వాటికి పక్కన స్టెబిలైజర్ బారుని (మలుపులో బండి పక్కకి వాలకుండా ఆపే కడ్డీ) కలిపే లింకు రాడ్లుంటాయి, చివర చిన్న బాల్ జాయింట్లు. ఒక చక్రమే గుంటలో పడినప్పుడు టక్కుమని, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు చప్పుడు లేకుంటే ముందు లింకు రాడ్డునే అనుమానించు. బండి నేల మీద ఉండగా చేత్తో పట్టి ఊపితే జాయింటు ఆట, అంటే వదులు, తెలిసిపోతుంది. ఆట ఉంటే రెండూ మార్పించు. ఆగి ఉన్న బండిలో స్టీరింగు తిప్పినప్పుడు టంగుమని స్ప్రింగు ఎగిరితే అది స్ట్రట్ పైనున్న మౌంటు బేరింగు.

వెనకవి మార్చేటప్పుడు దగ్గరే నిలబడు. పాతది విప్పే ముందు వెనక చక్రాలు రెండిటినీ కలిపే బీము కింద జాకీ పెట్టాలి. లేకపోతే బీము కిందకి జారి బ్రేకు హోసు లాగబడుతుంది, స్ప్రింగు చోటు తప్పుతుంది. కొత్తది పెట్టెలోంచి తీశాక నిలబెట్టి మూడు నాలుగు సార్లు నొక్కి వదలాలి, అడ్డంగా పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి పోతుంది. నట్టు బిగించేటప్పుడు రాడ్డుని ప్లయరుతో పట్టుకోనీయకు. ఒక్క గీత పడినా కొత్త సీలు నెలల్లో కారుతుంది. అన్నిటికంటే ఎక్కువమంది చేసే తప్పు మరొకటుంది: బండి గాల్లో ఉండగానే కింది బోల్టు పూర్తిగా బిగించడం. బండి దిగాక లోపలి రబ్బరు బుష్ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. ఆఖరి బిగింపు బరువు చక్రాల మీద పడ్డాకే.

ఎస్టిమేటులో వెనక వాటికి కూడా అలైన్‌మెంట్ రాశారు. నీ బండిలో వెనక ఉన్న ఆ బీము టార్షన్ బీము రకం, అక్కడ షాకబ్జర్ మార్చినందుకు అలైన్‌మెంట్ కదలదు. అది కొట్టేయించు. ముందువి మార్చిన రోజున మాత్రం తప్పనిసరి, ఎందుకంటే స్ట్రట్ కింది రెండు బోల్టులు విప్పితే చక్రం వాలు మారుతుంది. అప్పుడు మౌంటు, బంప్ స్టాపర్ (షాకబ్జర్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ తగలకుండా ఆపే రబ్బరు), దుమ్ము కవరు కూడా కొత్తవే వేయించు, కూలీ ఒక్కటే కాబట్టి. పై నట్టుని స్ప్రింగు కంప్రెసరు (స్ప్రింగుని అదిమి పట్టే పనిముట్టు) పెట్టకుండా విప్పేవాడి దగ్గర నిలబడకు, దూరంగా జరుగు. ముందు స్ట్రట్లకి ఎడమ, కుడి వేరు. పెట్టె మీద చదువుకో.

నూనె నింపి బాగుచేసినవి సగం ధరకే ఇస్తామనే వాళ్ళు తగులుతారు. ట్యూబు కోసి, ఏదో నూనె పోసి, వెల్డింగు కొడతారు. అరిగిన వాల్వు అరిగినట్టే ఉంటుంది. వద్దు.

టైర్లు కూడా మార్చాలనుకుంటే షాకబ్జర్ల తర్వాతే. ముందే వేస్తే కొత్త టైర్లూ కెరటాలు తేలతాయి. పాత టైర్లే ఉంచితే హోరు అలాగే వినపడుతుంది, దాన్ని చూసి కొత్త షాకబ్జర్లు బాగాలేవని గొడవపడకు. ముందువి ఇంకో పదివేలు తిరిగాక మళ్ళీ చూద్దాం.

విప్పిన పాతవి రెండూ అడిగి తీసుకో, డిక్కీలో వేసుకుని దసరాకి తీసుకురా. కారినదాని రాడ్డు నొక్కితే మొదటి రెండంగుళాలు ఏమీ అడ్డుకోకుండా ఎలా జారిపోతుందో నీ చేతికే తెలుస్తుంది. కింద పాత టవలు పరు, డిక్కీ అంతా నూనె చేయకు.

అమ్మ