పక్కింటాయన పన్ను సంగతి: కంప్లైంట్ పెట్టాలా, వద్దా?

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ పక్కింటాయన టైల్స్ షాపు, మేడ మీద మూడు వాటాల అద్దె, కొత్త కారు, పైగా అరుగు మీద కూర్చుని "ట్యాక్సులు కట్టేది అమాయకులే" అన్న మాట, అన్నీ పూసగుచ్చినట్టు రాశావు. నెలనెలా జీతంలో టీడీఎస్ కోయించుకునే నీకు ఆ మాట వింటే ఒళ్లు మండక ఏం చేస్తుంది? కానీ నీ నాలుగు పేజీల్లో ఆయన పన్ను ఎగ్గొట్టాడనడానికి ఆధారం ఒక్కటీ లేదురా. ఆయన దగ్గర డబ్బుందని మాత్రమే ఉంది.

ముందు కాగితం పెన్ను తీసుకో, ఒక లెక్క వేద్దాం. షాపు అమ్మకాలు ఏడాదికి 1 కోటి 40 లక్షలు అనుకో, అంతా యూపీఐ, బ్యాంకు ద్వారానే వస్తోంది. చిన్న వ్యాపారులకు పుస్తకాలు రాసే బాధ లేకుండా అంచనా లాభం మీద పన్ను కట్టే పద్ధతి ఉంది. నగదు అమ్మకాలకైతే కనీసం 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానికి కనీసం 6 శాతం లాభంగా చూపించాలి. 1.40 కోట్లలో 6 శాతం అంటే 8 లక్షల 40 వేలు. మూడు వాటాలు తలా 12 వేల చొప్పున నెలకు 36 వేలు, ఏడాదికి 4 లక్షల 32 వేలు. అద్దెలో 30 శాతం చట్టమే తీసేస్తుంది, మిగిలేది 3 లక్షల 2 వేల 400. రెండూ కలిపితే 11 లక్షల 42 వేల 400. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి కట్టాల్సిన ఆదాయపు పన్ను సున్నా! రిటర్ను మాత్రం వేయాలి. అసలు లాభం 6 శాతం కంటే ఎక్కువైతే ఆ ఎక్కువే చూపించాలనుకో, కానీ ఆయన మార్జిన్ ఎంతో ప్రహరీ ఇవతల నిలబడి నీకెలా తెలుస్తుంది?

అంటే "ట్యాక్స్ కట్టను" అన్న మాట ప్రగల్భం కావచ్చు, నిజమే అయ్యుండి కూడా చట్టబద్ధం కావచ్చు. పొలం మీద వచ్చే ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. తండ్రి ఆస్తి పంచుకుంటే దాని మీద పన్ను లేదు, చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. కొడుకు విదేశాల నుంచి పంపే డబ్బు దగ్గరి బంధువు ఇచ్చిన కానుక కింద వస్తుంది, దానికీ పన్ను లేదు. కారు సంగతి సరేసరి, అది లోను మీద కొన్నదో కాదో మనకి తెలియదు. ఇలా కళ్లకు కనిపించే వైభవాన్ని బట్టి రాసిన కంప్లైంట్లు ఎక్కడికీ పోవు. పైగా బ్యాంకులో సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, ఆపైన నగదు జమ అయినా, 30 లక్షలు, ఆపైన విలువున్న ఆస్తి రిజిస్టర్ అయినా ఆ సమాచారం డిపార్ట్‌మెంటుకి దానంతటదే చేరుతుంది. నువ్వు చెప్పేదాకా వాళ్లకు తెలియదనుకోకు.

నన్నడిగితే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఎగ్గొడుతున్నది ఎవరి డబ్బు? తన లాభం తక్కువ చూపించడం ఒక తప్పు. కస్టమర్ల దగ్గర పన్ను పేరుతో వసూలు చేసి జేబులో వేసుకోవడం, పనివాళ్ల జీతంలో టీడీఎస్ కోసి కట్టకపోవడం వేరే తప్పు. మొదటిది ఖజానాకి కన్నం, రెండోది నీలాంటి వాడి చేతిలోంచి నేరుగా లాక్కోవడం. రెండోది జరుగుతోందని కాగితం దొరికితే మొహమాటం అక్కర్లేదు, చెప్పెయ్. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

అదృష్టం కొద్దీ ఆ రెండో రకాన్ని నువ్వే చూసుకోవచ్చు. నీ బాత్రూంకి టైల్స్ ఆయన దగ్గరే కొన్నావు కదా, బిల్లు తీయి. పైన 15 అక్షరాల జీఎస్‌టీ నంబరు ఉండాలి, మొదటి రెండంకెలు రాష్ట్రం కోడు: తెలంగాణకి 36, ఆంధ్రకి 37. జీఎస్‌టీ పోర్టల్‌లో "సెర్చ్ ట్యాక్స్‌పేయర్" అని ఉంటుంది, లాగిన్ అక్కర్లేదు. నంబరు కొట్టగానే అసలు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, ప్రస్తుతం యాక్టివా, క్యాన్సిలా, రెగ్యులరా, కాంపోజిషనా (చిన్న వర్తకుల పథకం) వస్తాయి. కింద ఫైలింగ్ టేబుల్ నొక్కితే ఏ నెల రిటర్ను ఏ తేదీన వేశాడో కూడా కనిపిస్తుంది.

ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. కాంపోజిషన్ అని ఉండి బిల్లులో సీజీఎస్‌టీ (కేంద్రం వాటా) 9, ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం వాటా) 9 శాతం అని విడిగా వేశాడా, అది పట్టుబడ్డట్టే. కాంపోజిషన్‌లో ఉన్న వర్తకుడు తన అమ్మకాల మీద 1 శాతం సొంత జేబులోంచి కట్టాలి, కస్టమర్ దగ్గర పైసా పన్ను వసూలు చేయకూడదు. బిల్లు పైన "నాట్ ఎలిజిబుల్ టు కలెక్ట్ ట్యాక్స్" అని రాసి మరీ ఇవ్వాలి. బిల్లు తేదీకి ముందే రిజిస్ట్రేషన్ రద్దయి ఉన్నా అంతే గట్టి ఆధారం. కానీ రెండు నెలలు ఖాళీగా కనిపించాయని ఎగిరిపడకు. 5 కోట్ల లోపు టర్నోవరు వాళ్లు మూడు నెలలకొకసారి 3బి రిటర్ను (అమ్మకాలు, కట్టిన పన్ను చూపే జీఎస్‌టీ లెక్క) వేసే వీలుంది, మధ్య నెలలు ఖాళీగానే ఉంటాయి. అలాగే "ఫైల్డ్" అని ఉన్నంత మాత్రాన మొత్తం అమ్మకాలు చూపించాడని కాదు, అందులోని అంకెలు మనకి కనిపించవు. అసలు నంబరే లేకపోతే? సరుకు అమ్మేవాళ్లకి ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ లోపున్న దుకాణం నంబరు లేకుండా తెల్ల బిల్లు ఇవ్వొచ్చు, పన్ను మాత్రం వేయకూడదు.

టీడీఎస్ సంగతి షాపులో పనిచేసే కుర్రాడు తన 26ఏఎస్‌లో (తన పాన్ మీద జమైన పన్ను చూపే పత్రం) చూసుకుంటే తెలిసిపోతుంది. జీతం స్లిప్పులో కోత ఉండి అక్కడ లేకపోతే కంప్లైంట్ ఇవ్వాల్సింది ఆ కుర్రాడు. నువ్వు అతని తరఫున దూకితే ముందు పోయేది అతని ఉద్యోగమే.

అద్దెల విషయం నాకు అంత కోపం తెప్పించదు. మున్సిపాలిటీ రికార్డులో కింది అంతస్తే ఉండి మేడ లెక్కలో లేకపోతే వార్డు రెవెన్యూ సిబ్బంది వచ్చి కొలిచి ఇంటి పన్ను మార్చుకుంటారు, అంతటితో పోతుంది.

ఇక ఆధారం దొరికిందనుకో, వెంటనే కంప్లైంట్ దాకా పోవాలా? జీఎస్‌టీ వసూలు చేసి మింగేస్తుంటే పోవాల్సిందే. ఆదాయం తక్కువ చూపిన వ్యవహారమైతే, మాట్లాడుకునే చనువుంటే, ఒకసారి ఆయన చెవిన వేయి. తప్పు సరిదిద్దుకునే అప్‌డేటెడ్ రిటర్ను వేసుకోవడానికి అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి ఏడాది) ముగిసినప్పటి నుంచి 48 నెలల దాకా అవకాశం ఉంది. ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ, కట్టాల్సిన పన్ను, వడ్డీ మీద 25 శాతం నుంచి 70 శాతం దాకా అదనం. శాఖవాళ్లే పట్టుకుని తప్పుడు లెక్క అని తేలిస్తే పెనాల్టీయే ఆ పన్నుకి 200 శాతం. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి చెబితే చాలామంది ఆడిటరు దగ్గరికి పరిగెడతారు. బెదిరింపుగా మాత్రం అనకు. "చెప్పేస్తా, లేకపోతే ఇంత ఇవ్వు" అన్న ధోరణి ఏ కాస్త వచ్చినా నేరం నీదవుతుంది.

రాయాలనే తేలితే పద్ధతి ఇదీ. ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ సైట్‌లో పన్ను ఎగవేత ఫిర్యాదుకి విడిగా లింకు ఉంది, 2021 జనవరి నుంచి నడుస్తోంది. పాన్, ఆధార్ ఉన్నా లేకున్నా వేయొచ్చు, మొబైలుకి, ఈమెయిలుకి ఓటీపీ వస్తుంది. మామూలు ఆదాయానికి ఒక ఫారం, విదేశీ ఆస్తులకి ఒకటి, బినామీ ఆస్తికి ఒకటి. పంపాక నంబరు ఇస్తారు, దానితో స్థితి చూసుకోవచ్చు. లోపల ఏం దర్యాప్తు చేశారో మాత్రం నీకు చెప్పరు. జీఎస్‌టీ గొడవ ఇక్కడ కలపకు, అది రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖకి వేరే పోవాలి.

రాసేటప్పుడు విశేషణాలు వద్దు. పేరు, షాపు పేరు, చిరునామా, తెలిస్తే పాన్, ఏ సంవత్సరం, ఏ తేదీన ఏ లావాదేవీ, ఎంత, నగదా బ్యాంకా, ఆ రికార్డు ఎక్కడ దొరుకుతుంది. స్థలం కొన్నాడంటావా, ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయించు, డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు అందులో ఉంటాయి. "చాలా సంపాదించాడు" అనే పేజీ కంటే ఆ ఒక్క వరుస నయం. మరీ పాతవి తవ్వకు. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 3 ఏళ్ల 3 నెలలు దాటితే మామూలుగా నోటీసు ఇవ్వలేరు. తప్పించుకున్న ఆదాయం 50 లక్షలు, ఆపైన ఉంటేనే 5 ఏళ్ల 3 నెలల దాకా వీలు. మీ ప్రహరీ గోడ తగాదా ఒక్క ముక్క కూడా అందులో రానివ్వకు. అది కనిపిస్తే చదివేవాళ్లు మొత్తాన్నీ కక్ష కింద జమకడతారు.

బహుమతి గురించి అడిగావు. 2018 పథకం ప్రకారం నిర్దిష్టమైన సమాచారంతో వసూలైన అదనపు పన్నులో 5 శాతం దాకా, గరిష్ఠంగా 50 లక్షలు. దానికి ఆదాయపు పన్ను శాఖ ఇన్వెస్టిగేషన్ విభాగానికి వేరే ఫారంలో ఇవ్వాలి, కోడ్ నంబరు తీసుకోవాలి. వసూలయ్యేదాకా ఏళ్లు ఆగాలి, ఇచ్చి తీరాలన్న హక్కూ లేదు. టైల్స్ షాపు విషయంలో ఆ ఆశ పెట్టుకోకు.

నీ పేరు బయటపెట్టరు, నిజమే. కానీ కాగితమే నిన్ను పట్టించొచ్చు. మీ బాల్కనీలోంచి తీసిన ఫొటో, నీ పేరున్న బిల్లు, ముగ్గురికే తెలిసిన మాట, ఏది పెట్టినా ఎవరు రాశారో ఆయన ఇట్టే పోల్చుకుంటాడు. ఏం పెట్టాలన్నా "ఇది నేను తప్ప ఎవరివ్వగలరు?" అని నిన్ను నువ్వే అడుగు. ఆయన పోస్టు తెరవడం, చెత్తలో చిట్టాలు ఏరడం లాంటివి చేయకు. తెలిసి తెలిసి అబద్ధం రాస్తే భారతీయ న్యాయ సంహిత 217 కింద ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇంకొకటి, నొచ్చుకోకు. ఆ టైల్స్ కొన్నప్పుడు "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అంటే నువ్వు సరేనన్నావా? అలాగైతే నీ చేతిలో ఆధారమూ లేదు, ఆ ఎగవేతలో సగం పాలు నీదే. అప్పుడు కంప్లైంట్ ఆలోచన మానేసి, ఇకనుంచి కొనే ప్రతి సరుకుకీ బిల్లు అడుగు.

బిల్లు ఉంటే మాత్రం పై భాగం, పన్ను వరుస కనిపించేలా ఫొటో తీసి పంపు. తేదీ కూడా పడాలి. నంబరు కొట్టి చూసి రాత్రికి ఫోన్ చేస్తాను.