నలభై దాటాక మౌంటెన్ బైక్ కొంటున్నారా, ముందు మీ కాలి కొలత తీస్కోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో నలభై దాటినవాళ్లు మళ్లీ సైకిల్ తొక్కాలని ఒక వ్యాసం వేశారు, చదివి చాలా సంతోషపడ్డా, ఎందుకంటే నేనూ అలా మళ్లీ మొదలెట్టినదాన్నే. కానీ ఏ సైకిల్ కొనాలి అనే దగ్గరకొచ్చేసరికి మంచి మౌంటెన్ బైక్ (మట్టి, రాళ్ల దారుల్లో తొక్కే లావు టైర్ల సైకిల్) ఒకటి తీస్కోండి అని ఒక్క ముక్కతో వదిలేశారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని షాపుకెళ్తే ఏమవుతుందో నాకు జరిగింది, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అయింది, కుదిరితే మొత్తం వేయండి.

నాకు 49. ఇంటర్, డిగ్రీ రోజుల్లో విజయనగరంలో ఇంటి నుంచి కోట వైపు కాలేజీకి రోజూ లేడీస్ సైకిల్ మీదే వెళ్లేదాన్ని. పెళ్లయి విశాఖ వచ్చాక స్కూటీ వచ్చింది, పిల్లలు, ఉద్యోగం, అలా పాతికేళ్లు సైకిల్ ముట్టుకోలేదు. మూడేళ్ల కిందట షుగర్ బోర్డర్‌లో ఉందని, బరువు తగ్గమని డాక్టరమ్మ చెప్తే, నడక బోర్ కొడుతోంది సైకిల్ తొక్కొచ్చా అనడిగా, బీపీ అవీ చూసి, తొక్కండమ్మా, మెల్లగా మొదలెట్టండి అంది. ఆ ఆదివారమే మావారితో కలిసి షాపుకెళ్లిపోయాం.

షాపతను నాతో ఒక్క మాట మాట్లాడలేదండీ, మొత్తం మావారితోనే. మేడమ్‌కి నడుం నొప్పి రాకుండా ముందూ వెనకా రెండు షాకబ్జర్లు ఉన్నది ఇచ్చేద్దాం సార్, 21 గేర్లు, డిస్క్ బ్రేకులు, 29 అంగుళాల చక్రాలు, ఇంకేం చూడక్కర్లేదు అన్నాడు. వయసు మీద పడ్డవాళ్లకి షాకబ్జర్లు ఉంటే మంచిదే కదా అని మేమూ అనుకున్నాం, రంగు కూడా బాగుంది, తెచ్చేసుకున్నాం. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, అతనిచ్చిన ఫ్రేము 18 అంగుళాలది, అంటే సీటు కిందుండే నిలువు గొట్టం పొడవు అంత. నిలబడితే మధ్య గొట్టం తగిలేది, హ్యాండిల్ అందుకోవాలంటే ముందుకి సాగాల్సొచ్చేది. రెండు వారాల్లో మెడ పట్టేసింది, అరచేతులు తిమ్మిర్లు, చిటికెన వేళ్లు మొద్దుబారిపోవడం. వయసైపోయింది ఇంక నావల్ల కాదేమో అనుకున్నా. వయసు కాదండీ, సైజు. ఈ సంగతి తెలీక ఎంతమంది నాలాగే సైకిల్ని బాల్కనీలో పెట్టేసి బట్టలారేస్తున్నారో తల్చుకుంటే నాకు బాధేస్తుంది.

కాబట్టి మొట్టమొదట కొలత. ఇంట్లోనే తీస్కోవచ్చు. చెప్పులిప్పి గోడకి ఆనుకుని నిలబడి, ఒక అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య సీటు మీద కూర్చున్నట్టు గట్టిగా పైకి పట్టుకుని, దాని పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, నేల నుంచి టేపుతో కొలవాలి. నాది 29 అంగుళాలు వచ్చింది. సైకిల్‌కి రెండు వైపులా కాళ్లేసి నిలబడ్డప్పుడు ఆ మధ్య గొట్టానికీ మనకీ మధ్య కనీసం రెండు అంగుళాలు ఖాళీ ఉండాలి, రాళ్ల దారిలో గబుక్కున దిగాల్సొస్తే ఆ ఖాళీయే కాపాడుతుంది. అంటే నాకు గొట్టం 27 అంగుళాల ఎత్తుకి మించకూడదు, దానికి సరిపోయేది 15 అంగుళాల ఫ్రేమే. చక్రాల విషయం కూడా అంతే, 29 చక్రం గుంటల మీద బాగా దొర్లుతుంది నిజమే, కానీ నా ఎత్తువాళ్లకి 27.5 చక్రమే తిప్పుకోడానికి హాయిగా ఉంటుంది.

ఇంక బరువు. ఆ మొదటి సైకిల్ లిఫ్టు పనిచెయ్యనప్పుడు రెండో అంతస్తుకి మోస్తే నాకు ఊపిరాడలేదు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద ముందు నేనెక్కి, తర్వాత సైకిల్ పట్టుకుని ఎక్కి లెక్కేస్తే 19 కిలోలు. తక్కువ రేటులో రెండు షాకబ్జర్ల సైకిల్ అంటే ఇంతే, ఇనుము ఎక్కువ, పని తక్కువ. వెనక స్ప్రింగు మనం తొక్కే ప్రతి తొక్కుకీ కిందకీ పైకీ ఊగుతుంది, కాళ్ల బలం సగం దాన్ని ఊపడానికే పోతున్నట్టుంటుంది. ముందు స్ప్రింగేమో నాలాంటి 58 కిలోల మనిషికి అసలు కదల్లేదు, అంత గట్టిది. గాలితో పనిచేసే ఫోర్కులుంటాయి (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగమే ఫోర్కు), మన బరువుకి తగ్గట్టు పంపుతో గాలి సర్దుకోవచ్చు, అవి నిజంగా బాగుంటాయి కానీ ఆ సైకిళ్ల రేట్లు బాగా ఎక్కువ. అంత పెట్టలేనివాళ్లు ముందొక్కదానికే షాకబ్జరు ఉండి, అది కూడా తారు రోడ్డు మీద ఊగకుండా లాక్ చేసుకునేది తీస్కుంటే చాలు. అసలు షాకబ్జరే లేకుండా లావు టైర్లున్నది తీస్కున్నా నష్టం లేదు, టైర్లో గాలి సరిగ్గా ఉంటే సగం కుదుపు అదే తినేస్తుంది.

గేర్ల గురించి మాత్రం కొంచెం ఓపిగ్గా చదవండి, మోకాళ్లు నిలబడేది ఇక్కడే. 21 గేర్లా 24 గేర్లా అని కాదు, ముందు పెడళ్ల దగ్గరుండే పళ్లచక్రాల్లో అన్నిట్లోకి చిన్నదానికి ఎన్ని పళ్లు, వెనక వాటిల్లో అన్నిట్లోకి పెద్దదానికి ఎన్ని పళ్లు, ఈ రెండూ షాపులోనే కూర్చుని లెక్కపెట్టుకోవాలి. నా పాతదానికి ముందు 28, వెనక 28. అంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరగాలి, దాదాపు 2.3 మీటర్లు ముందుకెళ్లాలి, అది కూడా 19 కిలోల బండితో ఎత్తు మీద. కైలాసగిరి ఎక్కుతుంటే మోకాలి చిప్పలు పట్టేసేవి. ఇప్పుడున్నదానికి ముందు 22, వెనక 36. ఒక చుట్టుకి 1.3 మీటర్లే వెళ్తుంది, మెల్లగానే వెళ్తా, కానీ మెట్లెక్కినట్టు బరువుగా కాకుండా కాళ్లు తేలిగ్గా తిరుగుతుంటాయి, మధ్యలో ఒక్కసారి ఆగి నీళ్లు తాగి పైకెళ్లిపోతున్నా. ఇప్పుడు ముందు ఒక్క పళ్లచక్రమే ఉండి వెనక 46, 51 పళ్ల దాకా ఉండేవి కూడా వస్తున్నాయి, గేర్లు మార్చడం వాటిల్లో ఇంకా సులువు. ఏదైనా సరే ముందు అంకె వెనక అంకె కన్నా బాగా తక్కువుండాలి, ఎత్తుపల్లాల ఊళ్లో ఉండేవాళ్లు ఇది మర్చిపోవద్దు.

సీటు ఎత్తు కూడా అంతే ముఖ్యం. రెండు పాదాలూ నేలకి ఆనాలని మన ఆడవాళ్లు సీటు బాగా కిందకి దించేసుకుంటాం, భయం కొద్దీ. అలా మోకాలు మడిచి తొక్కితే మోకాలి చిప్ప దగ్గర నొప్పి తప్పదు. పెడల్ కిందున్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా రావాలి, తర్వాత పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకి దిగి నిలబడాలి, ఈ ఒక్క అలవాటు రావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, ఖాళీ గ్రౌండులో ప్రాక్టీస్ చేశా.

బ్రేకుల దగ్గర ఒక పాత కథ చెప్పాలి. ఈ మౌంటెన్ బైక్ అనేది 1970ల్లో అమెరికాలో కాలిఫోర్నియాలోని టమల్‌పైస్ కొండ దగ్గర మొదలైంది, అక్కడి కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లేసుకుని మట్టిదారుల్లో కొండ దిగేవాళ్లు. ఆ సైకిళ్లకి బ్రేకు వెనక చక్రం హబ్బులోనే, అంటే చక్రం నడిమధ్య భాగంలోనే ఉండేది, పెడల్ వెనక్కి తొక్కితే పడేది, కిందకొచ్చేసరికి వేడికి గ్రీజంతా మాడిపోయి మళ్లీ కొత్త గ్రీజు పెట్టుకోవాల్సొచ్చేదట, అందుకే అక్కడ పెట్టుకున్న పందేనికి రీప్యాక్, అంటే మళ్లీ నింపడం, అనే పేరొచ్చింది. అక్కణ్నుంచి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆటగా చేరేదాకా వెళ్లింది. ఇదంతా ఎందుకంటే, సింహాచలం ఘాట్ దిగేటప్పుడు నాకు ఎప్పుడూ అదే గుర్తొస్తుంది, ఎక్కడం మన కాళ్ల పని, దిగడం బ్రేకుల పని. వైరుతో పనిచేసే డిస్క్ బ్రేకు చవక, కానీ వైరు సాగినప్పుడల్లా బిగించుకోవాలి, వేళ్లకి బలం ఎక్కువ కావాలి. ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకు రెండు వేళ్లతో నొక్కినా పడుతుంది, చేతుల్లో పట్టు తగ్గే వయసులో డబ్బులు పెట్టాల్సింది దీనికే, షాకబ్జరుకి కాదు. ఇంకోటి, మన పాత సైకిళ్లకి కుడిచేతి బ్రేకు ముందు చక్రానికుండేది, ఇప్పుడు కొన్నిటికి ఎడమచేతిది ముందు చక్రానికుంటోంది. కొనగానే ఏది దేనికో చూసుకోండి, పాత అలవాటుతో దిగుడులో ముందుదాన్ని గట్టిగా పట్టేస్తే హ్యాండిల్ మీద నుంచి ఎగిరి పడతాం.

నాకు జరిగిన అసలు ప్రమాదం చెప్పలేదు. మొదటి సైకిల్ కొన్న నెల రోజులకి తెల్లవారుజామున ఆరిలోవ దాటి ముడసర్లోవ రోడ్డులో కొంచెం ఎత్తు ఎక్కుతున్నా, నిలబడి గట్టిగా తొక్కుతుంటే ఎడమ కాలి కింద ఏదో కటకటమని, పెడల్ మొత్తం ఊడి కాలితో పాటే కిందకొచ్చేసింది. నేను పక్కకి పడ్డా, మోచెయ్యి చీరుకుపోయింది, వెనక వస్తున్న ఆటో అతను చూసి ఆపాడు కాబట్టి బతికిపోయా. మెకానిక్ తాతగారు చూసి చెప్పారు, ఎడమ పెడల్‌కి మరలు ఉల్టా ఉంటాయమ్మా, షాపులో బిగించినవాడికి తెలీక మామూలుగా బలవంతంగా తిప్పాడు, మరలన్నీ అరిగిపోయాయి అని. షాపుకెళ్లి అడిగితే మీరు ఎక్కువ బరువేసి తొక్కుంటారు మేడమ్ అన్నారు. పేరు రాయను, కానీ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. సైకిల్ తెచ్చుకున్న రోజే ఒకసారి పెడళ్లు, హ్యాండిల్ బోల్టులు, చక్రాల నట్లు నమ్మకమైన మెకానిక్ దగ్గర చూపించుకోండి, ఆన్‌లైన్‌లో సగం విప్పి వచ్చేవైతే మరీ ముఖ్యం, కొందరు ముందు ఫోర్కునే వెనక్కి తిప్పి బిగించేస్తున్నారు.

ఆ సైకిల్ సగం రేటుకి అమ్మేసి, ఈసారి టేపు పట్టుకుని నేనే వెళ్లి, నేనే మాట్లాడి 38 వేలు పెట్టి కొత్తది కొన్నా, 14 కిలోలుంది. నేను కొన్నప్పటికి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం చేశారు, ఇప్పుడు కొనేవాళ్లకి ఆ మేరకు కలిసొస్తుంది, బిల్లులో చూసుకోండి. ఆ మిగిలింది మంచి హెల్మెట్‌కి, వెనక ఎర్ర లైటుకి పెట్టండి.

అసలు మౌంటెన్ బైకే కావాలా అని కూడా అడగాలి. ఎప్పుడూ తారు రోడ్డే, ఆఫీసు, మార్కెట్టు అంటే హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్యరకం) చాలు, తేలిగ్గా ఉంటుంది. నాకైతే మట్టిదారి ఇష్టం, మంగమారిపేట దగ్గర తొట్లకొండ ఎక్కి పై నుంచి సముద్రం చూడ్డం ఇష్టం, అందుకని ఇదే. టైర్లు మాత్రం మధ్యలో గీతలా దగ్గర దగ్గర గుబ్బలుండి అంచుల్లో పెద్ద గుబ్బలున్నవి వేయించుకున్నా, రోడ్డు మీద రొద తగ్గింది. టైర్లో గాలి తారు రోడ్డుకి 40 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), మట్టిదారికి 30 కి దగ్గరగా, చేతి పంపుతో నేనే కొట్టుకుంటా, బైకుల పంక్చర్ షాపులో కంప్రెసర్‌తో కొట్టిస్తే ఒకసారి ట్యూబు పేలిపోయింది. మనది సముద్రం ఊరు, బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లొచ్చి అలాగే పెట్టేస్తే రెండో రోజుకే చైను మీద ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. వచ్చిన వెంటనే పొడిగుడ్డతో చైను తుడిచి లింకు లింకుకీ ఒక చుక్క ఆయిల్ వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి, అయిదు నిమిషాల పని.

నా తోటి ఆడవాళ్లకి ఇంకోమాట, సైకిల్ మీద ఒంటి బరువు కాళ్ల మీద పడదు కాబట్టి మోకాళ్లకి సుఖం, కానీ అందుకే ఎముకలకి రావల్సినంత బలం దీనివల్ల రాదు, నెలసరి ఆగినవాళ్లు నడక కూడా మానకండి.

ఎడిటర్ గారూ, ఈ కొలతల సంగతి మీ ఆదివారం పేజీలో ఒక బొమ్మేసి వివరంగా వేయండి. షాపులవాళ్లకి నా విన్నపం, 15 అంగుళాల ఫ్రేము ఒక్కటైనా తొక్కి చూడ్డానికి బయట పెట్టండి, కొనేది మేమైతే మాతోనే మాట్లాడండి. మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు అక్కకి 52, ఆవిడా కొంటానంటోంది. నిన్న సాయంత్రం వాళ్ల హాల్లో గోడ మీద పెన్సిల్ గీత పెట్టాం, 28న్నర వచ్చింది, శనివారం ఇద్దరం టేపు పట్టుకుని షాపుకెళ్తున్నాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం