టన్ను బియ్యం కొనే స్తోమత ఎవరికుంది?

సంపాదకులకు,

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ లాక్‌డౌన్ వేళ, స్వచ్ఛంద సంస్థలు వేలంపాట లేకుండానే భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) నుంచి కిలో బియ్యం 22 రూపాయలకు కొనుక్కోవచ్చని కేంద్రం చెప్పింది. మంచి మాటే. కానీ ఒక విడతకు కనీసం టన్ను ఎత్తాలి. అంటే బియ్యానికే 22 వేలు. లారీ బాడుగ, హమాలీ కూలి వేరు. విరాళాలు ఆగిపోయిన రోజుల్లో ఉదయగిరి, వింజమూరు వైపు పేదలకు వండిపెట్టే చిన్న ట్రస్టులకు అంత రొక్కం ఎక్కడిది? కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే (సీఎస్ఆర్) సొమ్ము అడుగుదామన్నా 2021 నుంచి ఆదాయపు పన్ను మినహాయింపుల 12ఏ, 80జీ నమోదులతో పాటు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 నమోదూ కావాలి. ఒక్క కాగితం గడువు దాటినా ఫైలు కదలదు.

ఇక ముందు ఇలాంటి ఉపద్రవం వస్తే బియ్యం రెండు మూడు క్వింటాళ్ల లెక్కన రేషన్ సరుకు నిల్వచేసే మండల గోదాముల్లోనే (ఎంఎల్ఎస్ పాయింట్లు) ఇవ్వాలి. వంటమనిషి జీతం, గ్యాస్, కరెంటు బిల్లులకు (దాతలెవరూ పట్టించుకోని ఖర్చులివి) మూడు నెలల సొమ్ము కలెక్టరు ముందుగా ఇచ్చి, లెక్కలు తర్వాత తీసుకోవాలి.

– ఒక స్వచ్ఛంద సంస్థ సిబ్బంది, ఉదయగిరి, నెల్లూరు జిల్లా