జాబితాలో పేరెందుకు లేదో చెప్పాలి కదా

సంపాదకుడు గారికి,

నమస్కారం. భారత మహిళల హాకీ జట్టు చీఫ్ కోచ్ హరేంద్ర సింగ్ వ్యక్తిగత కారణాలతో తప్పుకుంటున్నానంటూ 2025 డిసెంబరు 1న రాజీనామా చేశారు. శిక్షణ తీరు మీద, తమ పట్ల ప్రవర్తన మీద కొందరు క్రీడాకారిణులు ఫిర్యాదు చేశారన్న వార్తలూ అప్పుడే వచ్చాయి. వాటిలో నిజమెంతో తేల్చే స్థానం నాది కాదు. ఒకరిని దోషిగా నిలబెట్టాలన్న ఉద్దేశమూ లేదు. కొత్త సంవత్సరం వస్తూనే, టోక్యో ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానానికి చేర్చిన జోర్డ్ మరీన్‌ను మళ్లీ కోచ్‌గా తీసుకొచ్చారు కాబట్టి ఆ సంగతి అక్కడితో ముగిసిందని అందరూ అనుకుంటున్నట్లుంది. జట్టు నుంచి తప్పించినవారికి కారణం చెప్పని పద్ధతి మారనంతవరకు అది ముగియలేదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

టోక్యోలో ఆ జట్టుకు నాయకత్వం వహించిన రాణి రాంపాల్‌నే తీసుకోండి. గాయం తర్వాత చాలాకాలం జట్టుకు దూరమై, 2023 జనవరిలో దక్షిణాఫ్రికా పర్యటనకు ఎంపికై, అక్కడ ఆడి వచ్చాక ఆమె పేరు మళ్లీ జాబితాలో కనిపించలేదు. తనను ఎందుకు పక్కన పెట్టారో ఎవరూ చెప్పలేదని ఆమే బహిరంగంగా అన్నారు. 2024 అక్టోబరులో రిటైరయినప్పుడు జాతీయ సమాఖ్య అయిన హాకీ ఇండియా ఆమె 28వ నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వబోమని ప్రకటించి సత్కరించింది. జెర్సీకి దక్కిన ఆ మర్యాద, దాన్ని తొడుక్కున్న మనిషికి ఏడాదిన్నర ముందు ఒక జవాబు రూపంలో దక్కి ఉంటే ఎంత బాగుండేది! అప్పటి కోచ్ జానెకె షాప్‌మన్ కూడా తన మాటకు ఇక్కడ విలువ లేదని వాపోయి 2024 ఫిబ్రవరిలో వెళ్లిపోయారన్నది మరో సంగతి. అంటే ఈ ఏర్పాటులో కోచ్‌కూ ఊపిరాడదు, ఆటగాళ్లకూ ఆడదు.

ఇది మహిళల జట్టుకే వచ్చిన జబ్బు కాదు. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 32 ఏళ్ల తర్వాత స్వర్ణం తెచ్చిన జట్టు నుంచి కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్లై సహా పలువురిని తప్పించి, అప్పటి సమాఖ్య దానికి పెట్టిన పేరు ‘విశ్రాంతి’.

కారణం చెప్పకపోవడం ఎలా ఉంటుందో నేను దగ్గరి నుంచి చూశాను. చాలా ఏళ్ల కిందట మా విశ్వవిద్యాలయ జట్టు ఎంపిక శిబిరం చివరి రోజున, బట్టలు మార్చుకునే గది తలుపుకు జాబితా అంటించారు. నాతోపాటు లెఫ్ట్ వింగ్ ఆడే మిత్రుడు ఆ కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. స్కూటరుకు సంచీ కట్టుకుంటున్న కోచ్ గారి దగ్గరికి వెళ్లి, ‘సార్, నాలో లోపమేమిటి?’ అని అడిగితే, ‘వచ్చే ఏడాది చూద్దాంలే’ అని ఆయన బండి స్టార్ట్ చేశారు. వాడు ఆఖరి సంవత్సరం విద్యార్థి. వచ్చే ఏడాది ఎక్కడిది?

కోచ్ కఠినంగా ఉండకూడదని నేననను. నాలుగు క్వార్టర్ల ఆటలో, కొద్ది నిమిషాలకోసారి ఆటగాళ్లను మార్చుతూ పరుగు తగ్గకుండా చూసుకునే నేటి హాకీలో, పరుగుతో దమ్మును కొలిచే యో-యో పరీక్ష నెగ్గలేనివారికి మినహాయింపు ఇవ్వమని ఏ అభిమానీ అడగడు. అయితే ఆ పరీక్షలో ఎంత రావాలో, ఎంత వచ్చిందో, గాయం మానిందో లేదో తేల్చేది ఫిజియోనా కోచ్చా అన్నవి బెంగళూరులోని జాతీయ శిబిరం నుంచి ఇంటికి పంపేటప్పుడు ఆ అమ్మాయి చేతిలో కాగితంగా ఉండాలి. అదీ ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఒడిశాలోని సుందర్‌గఢ్ నుంచి, ఝార్ఖండ్‌లోని సిమ్‌డేగా నుంచి, మిజోరం కొండల నుంచి వచ్చిన పిల్లలకు మందలింపు అర్థమైనంతగా దాని వెనకున్న కారణం అర్థం కాదు. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి టోక్యోలో రిజర్వు గోల్‌కీపర్‌గా ఉన్న మన ఇ. రజని స్థానం సంగతి చూడండి. గోల్‌పోస్టుల మధ్య నిలబడేది ఒక్కరే కాబట్టి, ఏళ్ల తరబడి రెండో పేరుగా ఉండేవారికి తామెక్కడ ఉన్నారో తెలియడం ఇంకా అవసరం.

కోచ్ మీద ఫిర్యాదును ఆ కోచ్ కిందే ఆడుతూ ఎవరు చేయగలరు? 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్యల్లో ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థ ఉండాలంటోంది. ఆ ఫిర్యాదు వినేవారిలో, జట్టు ఎంపికతో ఏ సంబంధమూ లేని మాజీ క్రీడాకారిణి ఒక్కరైనా ఉండాలని నా కోరిక.

చివరిగా తమ పత్రికకు ఒక విన్నపం. తదుపరి టోర్నీకి ఎంపికైనవారి పేర్లు అచ్చు వేసినప్పుడు, కిందటి జాబితాలో ఉండి ఇందులో లేనివారి పేర్లను కూడా వేయండి. పక్కనే హాకీ ఇండియా చెప్పిన కారణాన్ని, చెప్పకపోతే చెప్పలేదన్న మాటను, ఒక్క వాక్యంలో రాయండి.

ఇట్లు,
ఒక హాకీ అభిమాని,
సికింద్రాబాద్.